కౌలాలంపూర్ ప్రయాణం: ఏజెంటు కాగితంలో లేని సంగతులు

మన సొసైటీ సభ్యులు పద్నాలుగు మంది ఈ వేసవి సెలవులలో మలేషియా చూచి రావాలని తలపెట్టిన సంగతి చాలామందికి తెలిసినదే. ఏర్పాట్లు చూచే భారం మా మీద పడినది. బడిపంతులుకు సెలవులెక్కువ గనుక ఎప్పుడూ ఖాళీగానే ఉంటాడని అందరికీ ఒక నమ్మకం. సరే, ఒప్పుకొన్నాము. ట్రావెల్ ఏజెంటు ఒక రంగుల కాగితం తెచ్చి ఇచ్చాడు. నాలుగు రాత్రులు, అయిదు పగళ్ళు. జంట టవర్లు, గెంటింగ్ కొండ, బటు గుహలు, చాక్లెట్ల దుకాణం, మిగిలిన వేళంతా షాపింగు. గెంటింగ్ కొండ మీద ఏముంది నాయనా అంటే, చాలా చల్లగా ఉంటుందండీ అన్నాడు. అక్కడ పేరుమోసిన జూదశాల ఉన్నదన్న మాట మేమే అతనికి చెప్పవలసివచ్చినది. ఆ పంక్తి కొట్టివేశాము. తరువాత తీరిగ్గా కూర్చుని చూస్తే కొట్టివేయవలసినవాటికన్న చేర్చవలసినవే ఎక్కువ కనబడ్డాయి.

ఇంతలో మా ఇంట్లో ఇంకొక చిక్కు వచ్చింది. మా ఫుప్పమ్మకు ఎనభై దాటినవి. మేము కౌలాలంపూర్ పోతున్నామని విని కబురు పెట్టింది. వెళ్ళాము. "చిన్న దాదా ఖబర్ చూచి రా" అన్నది. అంతే, మరొక మాట లేదు.

చిన్న దాదా అంటే మా దాదాకు తమ్ముడు. 1936లో ఇరవై ఏండ్ల వయసులో మద్రాసులో ఓడ ఎక్కి మలయా రబ్బరు తోటలకు కూలికి పోయాడు. అప్పటికి ఫుప్పమ్మ పుట్టనే లేదు. ఆయన మళ్ళీ రాలేదు. ఇక ఆ 'ఖబర్' మాట సంగతి. ఉర్దూలో 'ఖే'తో వ్రాస్తే వార్త, 'ఖాఫ్'తో వ్రాస్తే సమాధి. మన దక్కనీ నోట ఈ రెండూ ఒక్కటే. ఇరవై ఏండ్లుగా పిల్లలచేత ఈ రెండు అక్షరాలూ వేరువేరుగా పలికించటానికి మేము గొంతు చించుకొంటున్నాము. ఫుప్పమ్మ అడిగినది ఏ ఖబరో మాకు అంతుపట్టలేదు. వార్త తెమ్మన్నదా, సమాధి దగ్గర ఫాతిహా చదివి రమ్మన్నదా? మళ్ళీ అడగటానికి నోరు రాలేదు. గావున ఏజెంటు కాగితం పక్కన పెట్టి, ఆ దేశం చరిత్ర పుస్తకాలు ముందు వేసుకొన్నాము.

మా లెక్క ప్రకారం ప్రయాణం కౌలాలంపూర్‌తో మొదలు పెట్టకూడదు. అక్కడినుండి సుమారు 145 కిలోమీటర్ల దూరంలో సముద్రపుటొడ్డున మలక్కా పట్టణం ఉన్నది. ముందు అక్కడికి పోవాలి. కౌలాలంపూర్ పుట్టకముందు నాలుగు వందల యాభై ఏండ్లనాడే, అంటే 1400 ప్రాంతంలోనే, పరమేశ్వరుడనే రాజు మలక్కాను రేవుగా నిలబెట్టాడు. అటు చైనా, ఇటు అరబ్బు దేశాలు, నడుమ మన కోరమండల్ తీరం. గాలివాటం మారేదాకా వర్తకులు అక్కడ ఆగవలసిందే. ఆగినచోట బేరాలు, పెండ్లిండ్లు, మసీదులు. మలయా వారిలో ఇస్లాం వ్యాపించిన త్రోవ ఇదే, సముద్రవ్యాపారం త్రోవ. తరువాత 1511లో పోర్చుగీసులు, 1641లో డచ్చివారు, 1824లో ఇంగ్లీషువారు వరుసగా ఆ రేవును చేజిక్కించుకొన్నారు.

ఆ కాలంలో తూర్పు దీవులకు పోయే సరుకుల్లో మన బట్ట ముఖ్యమైనది. గోల్కొండ నవాబుల నాటి మచిలీపట్నం రేవునుండి అద్దకం బట్టలు, కలంకారీ గుడ్డలు సుమత్రాలోని ఆచే దాకా పోయేవి. మలక్కాలో 'కంపుంగ్ క్లింగ్' మసీదు అని ఒకటున్నది. 1748లో కర్రతో కట్టారు, 1872లో ఇటుకతో మళ్ళీ కట్టారు. క్లింగ్ అంటే ఎవరనుకొన్నారు? కళింగులు. మన తూర్పు తీరాన గోదావరికి ఉత్తరాన ఉన్న నేల పేరే అది. దక్షిణదేశం నుండి వచ్చిన ప్రతివాడినీ మలయావారు కాలక్రమేణ 'కేలింగ్' అనసాగారు. పాత మలయా గ్రంథాలలో ఇది మామూలు మాటే. తోటకూలీల కాలం వచ్చాక తిట్టుగా మారింది. ఈనాడు అక్కడి భారతీయులు ఆ మాట వింటే నొచ్చుకొంటారు. మనవాళ్ళెవరూ సరదాకైనా నోట అనకూడదని ముందే హెచ్చరిస్తున్నాము. ఆ మసీదు చూడగానే ఇది గుడియా, మసీదా అని కొందరికి సందేహం రావచ్చు. గుమ్మటం ఉండదు. మూడంతస్తుల వాలు పైకప్పు, చైనా గోపురంలాంటి మినారు. మలయాదేశపు పాత మసీదుల తీరు అదే. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత పనికివస్తుంది.

ఇక కౌలాలంపూర్. ఈ ఊరి పుట్టుక మన వంటింటి సంగతితో మొదలవుతుంది. రాగి దేగిశాలకు కళాయి పూసేవాడు వీధిలో కేకవేయటం మా తరానికి బాగా గుర్తు. కళాయి అనగా తగరం. మలయా పడమటి తీరంలో 'కలా' అనే రేవు ఉండేదని, అక్కడినుండి తగరం వస్తుందని అరబ్బు భూగోళవేత్తలు వ్రాశారు. ఆ రేవు పేరునుండే అరబ్బీలో తగరానికి 'ఖలయీ' అనే పేరు వచ్చిందని పలువురు పండితుల అభిప్రాయం. అదే ఉర్దూలోకి, అక్కడినుండి మన తెలుగు వంటింట్లోకి వచ్చి కూర్చుంది. బిర్యానీ దేగిశా లోపల మెరిసే తెల్లదనానికి మలయా మట్టితో ఇంత చుట్టరికం ఉన్నదన్నమాట.

పంతొమ్మిదో శతాబ్దంలో ఆహారం డబ్బాలలో నిలువచేయటం మొదలైనాక తగరానికి గిరాకీ ఎక్కడలేనంత పెరిగింది. 1857లో, ఇక్కడ మన దేశం తిరుగుబాటుతో రగులుతున్న ఏడే, క్లాంగ్ ప్రాంతపు సర్దారు రాజా అబ్దుల్లా 87 మంది చైనా పనివారిని పడవలలో క్లాంగ్ నది మీదుగా పైకి పంపాడు. పెట్టుబడి మలక్కాలోని చైనా వర్తకులది. గోంబాక్ ఏరు క్లాంగ్ నదిలో కలిసేచోట పడవలు ఆగిపోయాయి. అక్కడినుండి అడవిలో నడక. ఒక నెల తిరగకముందే 69 మంది చనిపోయారు. ఎక్కువమందిని తీసుకుపోయినది మలేరియా జ్వరం. మిగిలినది 18 మంది. అయినా తగరం దొరికింది, ఇంకా మనుషులను పంపారు. పడవలు ఆగినచోట గుడిసెలు లేచాయి. మలయాలో 'కువాలా' అంటే నదులు కలిసే చోటు, 'లుంపుర్' అంటే బురద. రాజధాని పేరుకు అర్థం ఇంతే, బురద సంగమం. ఎందరో రాజధానులకు గొప్ప గొప్ప పేర్లు పెట్టుకొన్నారు గాని, ఇంత నిజమైన పేరు పెట్టుకొన్నవారు తక్కువ.

ఆ బురదను ఊరుగా నిలబెట్టినవాడు యాప్ ఆలాయ్ అనే చైనావాడు. 1868లో కపితాన్ అయ్యాడు, అంటే చైనావారి పెద్ద. తగరం పన్నుల కోసం మలయా సర్దారుల మధ్య వచ్చిన యుద్ధంలో ఊరు 1872లో కాలిపోతే తిరిగి కట్టాడు. 1880లో సెలంగోర్ రాజధాని క్లాంగ్ నుండి ఇక్కడికి మారింది. మరుసటి ఏడే, 1881లో, మొదట అగ్నిప్రమాదం, తరువాత వరద. తాటాకు, కర్ర ఇండ్లన్నీ పోయాయి. ఫ్రాంక్ స్వెట్టెన్‌హామ్ అనే ఇంగ్లీషు రెసిడెంటు ఇకమీదట ఇటుకతో, పెంకుతో కట్టాలని పట్టుబట్టాడు. ఇటుక బట్టీలు పెట్టినచోటికి ఈనాటికీ 'బ్రిక్‌ఫీల్డ్స్' అనే పేరు. తరువాత రైల్వే పనికి వచ్చిన భారతీయులు ఆ పేటలోనే స్థిరపడ్డారు. నేడు అక్కడ మల్లెపూల దండలు, అరటాకు భోజనం దొరుకుతాయి. మన ఆడవారు నిశ్చింతగా ఉండవచ్చు.

ఆ నదుల కలయిక దగ్గర మేము ఒక పూటంతా కేటాయించాము. ఏజెంటు దానికి పదిహేను నిమిషాలు చాలునన్నాడు. అక్కడ జామే మసీదు ఉన్నది. 1909లో తెరిచారు, అంతకుముందు ఆ స్థలం పాత ఖబర్‌స్తాను. గీసినవాడు ఆర్థర్ బెనిసన్ హబ్బక్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి. ఎరుపు తెలుపు పట్టీలు, ఉల్లిగడ్డ గుమ్మటాలు, కమానులు. దానికి దగ్గరలోనే 1897లో పూర్తి అయిన సుల్తాన్ అబ్దుల్ సమద్ భవనం, గడియారపు స్తంభంతో. మన హైదరాబాదు హైకోర్టు చూచినవాడెవడైనా ఆ భవనం ముందు నిలబడితే ఇంటికి వచ్చినట్టే ఉంటుంది. ఫోటోలు చూచి మేమూ అలాగే అనుకొన్నాము, కొంత గర్వించాము కూడా. పుస్తకాలు చదివాక ఆ గర్వం కొంచెం దిగింది. మలక్కా మసీదు తీరు చెప్పాము గదా, మలయాదేశంలో గుమ్మటాల అలవాటు లేదు. భవనానికి మొదట గీసిన నకలు వేరు. సిలోనులో పనిచేసి వచ్చిన స్పూనర్ అనే ఇంజనీరు, ఇది ముసల్మానుల దేశం గనుక ముసల్మాను ఫక్కీలో ఉండాలన్నాడట. వారి దృష్టిలో ముసల్మాను ఫక్కీ అంటే హిందూస్తాను మొగలాయీ ఫక్కీ. గావున ఆ నది ఒడ్డున కనిపించేది ఇంగ్లీషు దొరల ఊహలోని మన రూపం. అందంగా ఉన్నదనటంలో సందేహం లేదు. కాని మన తాతలు కట్టినదని పిల్లలకు చెప్పకండి. స్వాతంత్ర్యం వచ్చాక 1965లో వారు కట్టుకొన్న జాతీయ మసీదు చూడండి. గుమ్మటం బదులు సగం మూసిన గొడుగులాంటి కప్పు, 73 మీటర్ల మినారు. వానదేశంవారు గొడుగును నెత్తిన పెట్టుకోవటం మాకు ఎంతో నచ్చినది.

మరి మన తాతలు ఏమి కట్టారు? దీనికి జవాబు ఊరిలో దొరకదు, ఊరి బయట తోటలలో దొరుకుతుంది. 1877లో బ్రెజిలు రబ్బరు మొక్కలు లండను మీదుగా ఆ ప్రాంతానికి వచ్చాయి. మోటారు బండ్ల కాలం రాగానే అడవులు నరికి తోటలు వేశారు. పాలు గీసేందుకు దక్షిణ భారతం నుండి కూలీలను తెచ్చారు. కంగాణీ అనేవాడు తన ఊరికే వచ్చి, తన వాళ్ళకే బయానా ఇచ్చి, ఓడ ఎక్కించేవాడు. వెళ్ళినవారిలో అరవవారు అధికం. తెలుగువారు కొద్దిమందే, శ్రీకాకుళం, విశాఖ, చిత్తూరు వైపువారు. పెరాక్ రాష్ట్రంలో బగాన్ దాతో అనేచోట కొబ్బరి తోటలకు వెళ్ళిన తెలుగు కుటుంబాల మనుమలు ఇంకా తెలుగు మాట్లాడుతున్నారు. 1955లోనే అక్కడివారు తెలుగు సంఘం పెట్టుకొన్నారు. 1938లో మన దేశ ప్రభుత్వం ఈ కూలీల వలసను ఆపుచేసింది. మా చిన్న దాదా దానికి రెండేండ్ల ముందే వెళ్ళిపోయాడు.

ఆయన ఉన్నది క్లాంగ్ దగ్గర తోటలో. ఆ ప్రాంతపు తోటలలో 1941లో పెద్ద సమ్మె జరిగింది. చైనా కూలీలతో సమానమైన కూలి కావాలి, పిల్లలకు సరైన బడి కావాలి, కల్లు దుకాణాలు మూయాలి, ఇవి అడిగారు. వీటితోపాటు ఇంకొకటి అడిగారు. దొర ఎదురైనప్పుడు సైకిలు దిగి నిలబడాలనే ఆచారం పోవాలని. అది చదివిన రాత్రి మాకు నిద్రపట్టలేదు. సైకిలు దిగటం గురించి సమ్మె చేసినవారు! సైన్యాన్ని దింపారు, కాల్పులలో అయిదుగురు కూలీలు చనిపోయారు, నాయకుడు ఆర్.హెచ్. నాథన్‌ను దేశం నుండి పంపివేశారు. చిన్న దాదాకు సైకిలు ఉండేదో లేదో తెలియదు. ఆ సమ్మెలో ఆయన బ్రతికే ఉన్నాడు, అంతవరకు తెలుసు. ఎందుకంటే ఆ ఏడు నవంబరులో వ్రాయించిన ఒక కార్డు ఇంట్లో ఉన్నది. ఉర్దూలో, ఎవరిచేతనో వ్రాయించినది. నేను క్షేమం, బక్రీదుకు మనీఆర్డరు పంపుతాను, మేకను బేరమాడి ఉంచండి, అని అందులో ఉన్నది.

ఆ ఏడు బక్రీదు డిసెంబరు ఆఖరులో వచ్చినది. డిసెంబరు 8న జపాను సేనలు మలయాలో దిగాయి. 1942 జనవరి 11న కౌలాలంపూర్, ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయాయి. మనీఆర్డరు రాలేదు. మేక సంగతి ఇంట్లో ఎవరూ ఎన్నడూ మాట్లాడలేదు.

తరువాతది అందరికీ తెలియవలసిన చరిత్ర, గాని తెలిసినవారు తక్కువ. జపానువారు సయాం నుండి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయించారు. 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబరులో పూర్తిచేశారు. తెల్ల సైనికులు, యుద్ధఖైదీలు, సుమారు అరవై వేలమంది అక్కడ పనిచేశారు, పన్నెండు వేలకు పైగా చనిపోయారు. దాని మీద సినిమా వచ్చింది, దొరలు ఈల వేసుకొంటూ నడిచే సినిమా. అదే లైనులో పనిచేసిన ఆసియా కూలీలు ఒక లక్షా ఎనభై వేలకు పైమాటే, చనిపోయినది తొంభై వేల చుట్టుపక్కల. మలయా తోటలనుండి పట్టుకుపోయిన అరవ, తెలుగు కూలీలు అందులో వేలాదిమంది. కలరా వస్తే గుడిసెలతో సహా కాల్చేవారట. సయాంలో కాంచనబురి ఊరిలో సైనికుల స్మశానం ఉన్నది, దాదాపు ఏడువేల రాళ్ళు, పేరుపేరునా. కూలీలకు అటువంటి రాళ్ళు లేవు. ఎవరి పేరూ ఎవరూ వ్రాసుకోలేదు.

చిన్న దాదా ఆ రైలుకే పోయాడని మేము చెప్పటంలేదు. తోటలోనే జ్వరంతో పోయి ఉండవచ్చు. 1943లో సుభాష్ చంద్ర బోసు సింగపూరు వచ్చినప్పుడు తోటకూలీలు ఎందరో ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు, వారిలో చేరి ఉండవచ్చు. మా దాదీ మాత్రం ఆయన అక్కడే ఎవరినో చేసుకొని స్థిరపడ్డాడని నమ్మింది. ఆ నమ్మకంతోనే పోయింది.

యుద్ధం తరువాతి కథ త్వరగా చెప్పవచ్చు. 1957 ఆగస్టు 30 అర్ధరాత్రి, పైన చెప్పిన గడియారపు భవనం ఎదుటి మైదానంలో ఇంగ్లీషు జెండా దించారు. 31న స్వతంత్రం, తుంకు అబ్దుల్ రహ్మాన్ ప్రధాని. 1963లో మలేషియా ఏర్పడింది, 1965లో సింగపూరు విడిపోయింది. 1969 మే 13న కౌలాలంపూర్‌లో మలయా, చైనా జాతుల మధ్య కొట్లాటలు జరిగాయి. సర్కారు లెక్కలోనే 196 మంది చనిపోయారు. గైడు ఈ సంగతి తనంతట చెప్పకపోవచ్చు, మనమూ గుచ్చి అడగనక్కరలేదు, కాని తెలిసి వెళ్ళాలి. మూడు జాతులు ఒక ఊరిలో ఉండటం పోస్టరు మీద బొమ్మ వేసినంత తేలిక కాదని మనకు వేరే చెప్పాలా? జంట టవర్లు 1998లో పూర్తి అయినవి, 452 మీటర్లు, 88 అంతస్తులు. నేల ప్రణాళిక ఎనిమిది కోణాల నక్షత్రం, మన ఖురాను అంచులలో చూచే నక్షత్రమే. 1999 నుండి సర్కారు కచేరీలు పుత్రజయకు మారాయి గాని రాజధాని కౌలాలంపూరే. బటు గుహల గురించి ఇద్దరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. 272 మెట్లు ఎక్కలేనివారు క్రింద కూర్చోవచ్చునని చెప్పి ఆ పంక్తి ఉంచివేశాము. సున్నపురాతి గుహలు ఎవరు చూచినా చూడదగ్గవే. అక్కడ గుడి నెలకొల్పిన తంబుసామి పిళ్ళె కూడా తగరం గనులలో గడించినవాడే.

ఇక ఏర్పాట్లు. హైదరాబాదు నుండి విమానంలో సుమారు నాలుగు గంటలు. గడియారం రెండున్నర గంటలు ముందుకు త్రిప్పుకోవాలి. 2023 డిసెంబరు నుండి మనవారికి 30 రోజుల వరకు వీసా అడగటంలేదు, అయినా ఇటువంటి ఉత్తరువులు మారుతుంటాయి గనుక టికెట్టు కొనేముందు మళ్ళీ చూచుకొంటాము. గొడుగు అందరూ తెచ్చుకోవాలి. మొదటి రోజు మలక్కా. రెండు, మూడు రోజులు కౌలాలంపూర్. నాలుగవ రోజు ఉదయం షాపింగుకు పోయేవారు పోవచ్చు. మేము, మరి ఇద్దరు, రైలులో క్లాంగ్ పోతాము, ముప్పై కిలోమీటర్లు. కౌలాలంపూర్‌లో వారి జాతీయ పత్రాగారం ఉన్నది. అక్కడ ఒక పూట తోటల పాత రికార్డులు అడిగి చూస్తాము. దొరుకుతుందని ఆశ పెద్దగా లేదు. తోట పేరు కార్డు మీద సగం చెరిగిపోయింది, ముద్రలో క్లాంగ్ అనేది మాత్రం కనబడుతున్నది.

మలయా భాష నాలుగు మాటలు నేర్చుకొని వెళ్ళటం మర్యాద. అక్కడ ఎదురైనవారిని 'ఆపా ఖబర్' అని పలకరిస్తారు. ఏమి వార్త, అంటే బాగున్నారా అని. ఈ ఖబర్ మన 'ఖే' ఖబరే. 'ఖాఫ్' ఖబరును వారు 'కుబుర్' అంటారు. రెండూ అరబ్బీనుండి పోయినవే, కాని వారి నోట వేరువేరుగానే నిలిచాయి.

మొన్న శుక్రవారం మళ్ళీ ఫుప్పమ్మ దగ్గరకు పోయాము. పత్రాగారంలో చూపించటానికి ఆ కార్డు కావాలన్నాము. పెట్టె తీసి, గుడ్డ విప్పి, చేతికిచ్చింది. జిరాక్సు తీయించుకొని సాయంత్రం తెచ్చి ఇస్తే వెనుకా ముందూ త్రిప్పి చూచుకొన్నది. "అసలుది ఇక్కడే ఉంటుంది. ఆయన వస్తే చూపించాలి" అన్నది. మేము జిరాక్సును పాస్‌పోర్టులతోపాటు ఫైలులో పెట్టాము.